కోర్టు కాగితం వస్తే దాచిపెట్టకండి

(కావేరిపట్టణంలో యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం నన్ను వాక్యం చెప్పమని పిలవలేదు, అప్పు గురించి మాట్లాడమని పిలిచారు. పోయిన వారం అయ్యగారు ఫోన్ చేసి, "బ్రదర్, మన పిల్లల్లో ముగ్గురికి క్రెడిట్ కార్డు బాకీ మీద కోర్టు నుంచి కాగితాలు వచ్చాయట. ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతున్నారు. నీకు జరిగింది నువ్వు చెబితే వింటారు" అన్నారు. ఆ ముగ్గురు ఎవరో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎవరూ చెయ్యెత్తనక్కర్లేదు. ఊరికే వినండి.

ముందు నా సంగతి చెబుతాను. నేను వకీలును కాను. హోసూరులో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద ఆరేళ్ళు పనిచేశాను. ఒకరోజు షిఫ్టు అయి గేటు బయటికి వస్తే, గొడుగు కింద టేబులు వేసుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. జీతం చీటీ, ఆధార్ చూపిస్తే కార్డు ఇస్తామన్నాడు. 60,000 లిమిట్‌తో కార్డు ఇంటికొచ్చింది. నేను దాంతో పెద్ద ఫోనూ కొనలేదు, బండీ కొనలేదు. నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర 48,000 గీకాను. ఆ రాత్రి ఆ కార్డు దేవుడు పంపిన సాయంలాగే కనిపించింది.

తర్వాత నెల నెలా బిల్లు వచ్చేది. కింద చిన్నగా "కనీసం కట్టవలసింది 2,400" అని ఉండేది. అంతేకదా అని అదే కట్టేవాణ్ణి. లెక్క చెబుతాను, వినండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 48,000కు 1,680 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 302 రూపాయలు. రెండూ కలిపి 1,982. నేను కట్టిన 2,400లో అసలుకు పోయింది 418 రూపాయలు మాత్రమే. అలా ఏడాదిపాటు కట్టి, బాకీ తీరిపోతోందని అనుకున్నాను. ఇంతలో కాంట్రాక్టు అయిపోయింది, పని పోయింది, కట్టడం ఆగిపోయింది.

మొదట ఫోన్లు వచ్చాయి. తర్వాత ఇంటికి మనుషులు వచ్చారు. తర్వాత కొన్నాళ్ళు అంతా సద్దుమణిగింది. ఒకరోజు మధ్యాహ్నం కోర్టు అమీనా వచ్చి అమ్మచేత సంతకం పెట్టించుకుని ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదివాం, ఆ కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. అప్పుడు నాన్న మళ్ళీ ఆసుపత్రిలో ఉన్నాడు. నేను కవరు చింపి, కోర్టు ముద్ర చూసి, చదవకుండా మడిచి, బీరువాలో పెళ్ళి బట్టల అడుగున పెట్టేశాను. ఆదివారం ఆరాధనకు వెళ్ళాను, పాటలు పాడాను. ఎవరైనా "బాగున్నావా" అంటే "దేవుని కృప" అన్నాను.

ఏడెనిమిది నెలల తర్వాత రెండో కాగితం వచ్చింది. అది సమన్లు కాదు. నేను రాలేదు కాబట్టి కోర్టు ఒక పక్షం మాటే విని తీర్పు ఇచ్చేసింది, దాన్నే ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. 1,12,000 రూపాయలు, దానిపై వడ్డీ, ఖర్చులు. ఇప్పుడు దాన్ని వసూలు చేసుకోవడానికి పిటిషన్ వేశారని ఆ రెండో కాగితం.

నేను ఇక్కడికి వచ్చింది ఆ మొదటి కాగితం గురించి చెప్పడానికే. అది శిక్ష కాదు, తీర్పు కాదు. "నీ మీద ఒకరు ఇలా అంటున్నారు, నువ్వేమంటావో వచ్చి చెప్పు" అని కోర్టు అడగడమే సమన్లు. ఆ అవకాశాన్ని నేను పెళ్ళి బట్టల కింద పెట్టాను. బ్యాంకు చెప్పిన ప్రతి అంకె ప్రశ్నే లేకుండా నిజమైపోయింది. నన్ను ఓడించింది బ్యాంకు వకీలు కాదు, నా సిగ్గు.

ఇప్పుడు అలాంటి కాగితం మీ ఇంటికి వస్తే ఏం చేయాలో చెబుతాను.

మొదటిది, తీసుకోండి. తలుపు వేసుకుంటే కేసు ఆగదు. మీరు లేనప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు తీసుకున్నా మీకు అందినట్టే లెక్క కట్టవచ్చు. అందిన తేదీని కవరు మీద పెన్నుతో రాయండి. గడువులన్నీ ఆ తేదీ నుంచే నడుస్తాయి.

రెండవది, ఆ కాగితం ఏమిటో తేల్చుకోండి. అన్ని కాగితాలూ ఒకటి కావు. వకీలు నోటీసు అంటే ఇంకా కోర్టుకు పోలేదు. లోక్ అదాలత్ నోటీసు అంటే రాజీకి రమ్మనడం. అక్కడ మీరు ఒప్పుకోకుండా ఎవరూ మీ మీద తీర్పు చెప్పలేరు. మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్ నోటీసు అయితే తేలిగ్గా తీసుకోవద్దు, ఆయన ఇచ్చే అవార్డు డిక్రీలాగే అమలవుతుంది. అయితే గొడవలో ఉన్న ఒక పక్షం తానొక్కటే మధ్యవర్తిని ఎంచి పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కాబట్టి అక్కడ కూడా మౌనంగా ఉండకుండా, మీ అభ్యంతరం రాసి పంపాలి. ఇక సివిల్ కోర్టు సమన్లు అయితే దాని మీద కోర్టు పేరు, దావా నంబరు, వాయిదా తేదీ ఉంటాయి.

ఫోన్‌లో వాట్సాప్‌లో వచ్చినవాటి సంగతి కూడా చెప్పాలి. "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించి డబ్బు గుంజే దొంగలు ఎక్కువయ్యారు. ఫోన్‌లో వచ్చిందని నమ్మేయవద్దు, ఫోన్‌లో వచ్చిందని పారేయనూ వద్దు. కేసుకు 16 అక్షరాల, అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే కేసు నిజమో కాదో తెలుస్తుంది. లేదా మీ పేరుతో వెతకండి. ఏ కోర్టూ ఫోన్ చేసి ఈ ఖాతాకు డబ్బు వేయమనదు. అలా అడిగితే 1930కి ఫోన్ చేయండి.

మూడవది, గడువు. మామూలు దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో మీ జవాబును రాతలో ఇవ్వాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. కానీ కొన్ని దావాలు సమ్మరీ దావాగా వేస్తారు. వాటిలో హాజరు చెప్పడానికే 10 రోజులు మాత్రం ఉంటాయి. అందుకే "నెలరోజులుంది కదా" అనుకోకుండా, ఆ వారంలోనే ఒక వకీలుకు చూపించాలి.

వకీలుకు డబ్బెక్కడిది అంటారు. కృష్ణగిరిలో కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల్లో కార్మికులకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. దేశమంతటికీ పనిచేసే నంబరు 15100.

ఇక్కడ మనవాళ్ళకు ఒక ముల్లు ఉంది, అది దాచను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు కాని దళితులను ఎస్సీలుగా లెక్కించరు. అదే పేట, అదే కులం, అదే పేదరికం, కానీ క్రైస్తవుడైతే ఆ కాలమ్‌లో టిక్కు పడదు. ఈ అన్యాయం మీద మన పోరాటం వేరే ఉంది. కానీ ఆ ఒక్క కాలమ్ చూసి "మనకు రాదులే" అని కోర్టు మెట్లు దిగి రావద్దు. చెల్లీ, నువ్వు ఆడపిల్లవి, నీ ఆదాయం ఎంతైనా నీకు హక్కుంది. తమ్ముడూ, నువ్వు హోసూరు ఫ్యాక్టరీలో కార్మికుడివి, ఆ చట్టంలో పరిశ్రమ కార్మికుడు అనే మాట ఉంది. ఆ తలుపు తట్టు.

నాలుగవది, జవాబులో ఏం రాయాలి. అప్పే తీసుకోలేదని అబద్ధం రాయమని నేను చెప్పడం లేదు. తీసుకున్నది తీసుకున్నామనే చెప్పాలి. కానీ లెక్క చూపమని అడగడం అబద్ధం కాదు. అసలు ఎంత, వడ్డీ ఎంత, లేటు ఫీజు ఎంత, పన్ను ఎంత, నేను కట్టినవన్నీ జమ అయ్యాయా, ఇలా ప్రతి నెల స్టేట్‌మెంటూ అడగండి. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. మీ బాకీని బ్యాంకు వేరే కంపెనీకి అమ్మేసి ఉంటే, అడిగే హక్కు తమకే ఉందని ఆ కంపెనీ కాగితాలు చూపించాలి. దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది. మధ్యలో మీరు కొంత కట్టినా, బాకీ ఉందని రాసి సంతకం పెట్టినా ఆ లెక్క మళ్ళీ మొదలవుతుంది. అది కూడా వకీలు చేత చూపించుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. దావాలో బ్యాంకు రాసిన ప్రతి పేరాకూ విడివిడిగా జవాబివ్వాలి. "అన్నీ తప్పు" అని ఒక్క ముక్కలో రాస్తే చాలదు. దేన్ని స్పష్టంగా కాదనలేదో దాన్ని ఒప్పుకున్నట్టే కోర్టు తీసుకోవచ్చు.

మరి ఆ వడ్డీయే అన్యాయం కదా అని ఒక తమ్ముడు అడగవచ్చు. జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా 2008లో అలాగే అంది, కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి తీసుకోవడం అనుచితమంది. కానీ 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఈనాడు "30 శాతం దాటింది" అని ఆ తీర్పు పట్టుకుని వాదించలేం. మన నేల మీద ఒకప్పుడు వేరేలా జరిగింది. హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయినప్పుడు, 1938లో రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చారు. అసలుకు రెట్టింపు కట్టేసిన రైతుకు ఆ బాకీ పూర్తిగా తీరినట్టేనని అందులో ఉంది. ఆ చట్టం కార్డు బాకీలకు వర్తించదు. అయినా వడ్డీకి ఒక హద్దు ఉండాలని అడగడం కొత్త మాట కాదని, చట్టం మనుషులు రాసేదేనని మనం గుర్తుంచుకోవాలి.

అంతవరకు, ఉన్న చట్టంలో అడగగలిగినవి అడుగుదాం. దావా నడిచే కాలానికి, తీర్పు తర్వాత కాలానికి వడ్డీ తగ్గించమని, తీర్పు ఇచ్చేటప్పుడు వాయిదాల్లో కట్టేలా ఆదేశించమని కోర్టును కోరవచ్చు. కోరనివాడికి కోర్టు తనంతట తాను ఇవ్వదు.

ఇప్పుడు అందరి గుండెల్లో ఉన్న ప్రశ్న. జైల్లో వేస్తారా? కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ అనే ఆయనకూ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్‌కూ మధ్య కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. డిక్రీ ఉన్నంత మాత్రాన, చేతిలో డబ్బు లేని మనిషిని జైల్లో పెట్టడానికి వీల్లేదు. కట్టగలిగి ఉండి, దుర్బుద్ధితో ఎగవేస్తున్నాడని తేలాలి. ఇక డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్ళను అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ అసలే ఒప్పుకోదు.

కానీ ఒక జాగ్రత్త. చెక్కు బౌన్సు అయితే అది క్రిమినల్ కేసు అవుతుంది. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఈసీఎస్ లాంటివి డబ్బులేక తిరిగిపోయినా అలాంటి కేసు పెట్టవచ్చు. వసూలుకు వచ్చిన మనిషి "ఒక ఖాళీ చెక్కు ఇవ్వు, మళ్ళీ రాను" అంటాడు. ఇవ్వకండి. సివిల్ బాకీని మీ చేత్తో మీరే క్రిమినల్ కేసుగా మార్చుకున్నట్టు అవుతుంది. చెక్కు కేసు సమన్లు వస్తే మాత్రం ఒక్క వాయిదా కూడా తప్పకండి, అక్కడ వారెంటు వస్తుంది.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంటికెళ్ళి చదవండి. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి. తిరగలిని తాకట్టు పట్టకూడదు, ఎందుకంటే దానితోనే ఆ ఇల్లు తింటుంది. పేదవాడి దుప్పటిని పొద్దుగూకే లోపల తిరిగి ఇవ్వాలి. ఇప్పుడు మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. కట్టుబట్టలు, వంట పాత్రలు, పడక, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు సేద్యపు సామాను జప్తు చేయకూడదు. కూలీల కూలిని పట్టకూడదు. ప్రావిడెంట్ ఫండ్‌ను తాకకూడదు. జీతంలో కూడా మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలిపెట్టాలి. ఇంటికి మనుషులను పంపడం గురించి కూడా నియమాలున్నాయి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. చేస్తే బ్యాంకుకు రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

నా కేసు ఎలా ముగిసిందో చెప్పాలి కదా. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని 30 రోజుల్లో అడగాలి. నాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ వేయాల్సి వచ్చింది. సిగ్గుపడ్డాను అంటే కోర్టు వినదు. నాన్న ఆసుపత్రి కాగితాలే నన్ను కాపాడాయి. 10,000 ముందుగా కోర్టులో కట్టమన్నారు, కట్టాను. తర్వాత కేసు లోక్ అదాలత్‌కు వెళ్ళింది. మొత్తం 70,000కు రాజీ కుదిరింది. ఆ 10,000 పోగా నెలకు 5,000 చొప్పున 12 నెలలు కట్టాను. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. మొదట వాళ్ళు నెలకు 10,000 అన్నారు. పక్కనున్నవాళ్ళు "ఒప్పేసుకో, ముగించు" అన్నారు. నేను జీతం చీటీ చూపించి, కట్టగలిగింది ఇంతే అన్నాను. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. ఒక్క వాయిదా తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. కట్టలేని మాట మీద సంతకం పెట్టకండి. అంతా తీరాక బాకీ లేదని కాగితం అడిగి తీసుకోండి.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మాట. రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఉంది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె దాచుకోలేదు, ఎలీషా దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పింది. ఎలీషా "ఎందుకు చేశావమ్మా ఆ అప్పు" అని అడగలేదు, ఇంట్లో ఏముందని అడిగాడు. తర్వాత ఇరుగుపొరుగువాళ్ళ పాత్రలు తెమ్మన్నాడు. నూనె వచ్చాక ముందు అప్పు తీర్చమన్నాడు. ఆ అద్భుతం దేవుడు చేశాడు, కానీ పాత్రలు ఇచ్చింది పక్కింటివాళ్ళు.

మన సంఘాల్లో అప్పులో పడ్డవాడి గురించి ఎలా మాట్లాడుకుంటామో మీకు తెలుసు. "సాక్ష్యం పోయింది" అంటాం. అందుకే నేను నా కవరును బీరువాలో పెట్టాను. ఆ మాట మనం మానుకుంటే, పిల్లలు కాగితాన్ని మొదటి వారంలోనే బయటికి తీస్తారు. పెద్దలు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. ఇంగ్లీషు, తమిళం చదవగలిగినవాళ్ళు ఇద్దరు, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చోండి. కాగితం తెచ్చినవాడికి చదివి చెప్పండి. వాయిదా రోజున వాడితో కలిసి కృష్ణగిరి బస్సెక్కండి. నేను మొదటిసారి కోర్టుకు వెళ్ళినప్పుడు నా పేరు పిలిస్తే నోరు పెగల్లేదు. పక్కన ఒక్క మనిషి ఉంటే బాగుండునని అప్పుడు అనిపించింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ రాత్రి ఇంటికెళ్ళి ఆ కవరు ఎక్కడ పెట్టారో అక్కడి నుంచి తీయండి. దాని మీద వాయిదా తేదీ ఏముందో చూడండి. రేపు పొద్దున అయ్యగారికి గాని, నాకు గాని ఫోన్ చేయండి. ఏ కోర్టు, ఏ తేదీ, ఆ రెండు చెబితే చాలు. మిగతాది కలిసి చూద్దాం.